షాల్కేది తలరాతా, స్వయంకృతమా?

జర్మన్ ఫుట్‌బాల్ గురించి ఏది అడగమన్నా మన పాఠకులు తిరిగి తిరిగి ఒక్క క్లబ్ దగ్గరికే వస్తున్నారు. బయెర్న్ మ్యూనిక్ కాదు, షాల్కే 04. కాబట్టి ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి షాల్కేవే తీసుకున్నాను. ఒకేలాంటివి కలిపేశాను, పొడుగువి కాస్త కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారు సింగరేణిలో చేసి రిటైరయ్యారు. షాల్కే బొగ్గుబాయి కార్మికుల టీమ్ అని విన్నాను. నిజంగానే బాయి దిగేవాళ్ళు ఆడేవాళ్ళా, లేక జెర్సీలు అమ్ముకోడానికి ఇప్పుడు చెప్పుకునే కథా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: ఒకప్పుడు నిజం, ఇప్పుడు చాలావరకు జెర్సీల కథే. షాల్కే అనేది గెల్సెన్‌కిర్షెన్ అనే ఊళ్ళో ఒక పేట పేరు. చుట్టూ ఉన్నదంతా రూర్ బొగ్గు ప్రాంతం, మీ కోల్‌బెల్ట్ లాంటిదే అనుకోండి. 1904 మే 4న ఆ పేటలోని కుర్రాళ్ళు కొందరు వెస్ట్‌ఫాలియా షాల్కే అని పేరు పెట్టుకుని ఆట మొదలుపెట్టారు. ఇప్పటి పేరు 1924లో వచ్చింది. తర్వాత పెద్ద స్టార్ అయిన ఎర్న్‌స్ట్ కుట్సోరా కన్సాలిడేషన్ అనే గనిలో నిజంగానే బాయి దిగినవాడు. 1928లో కట్టుకున్న మైదానం కూడా ఆ గని వాళ్ళ స్థలమే, లీజుకు ఇచ్చారు. దానికి పెట్టిన పేరు గ్లూక్‌ఔఫ్ కాంఫ్‌బాన్. గ్లూక్‌ఔఫ్ అంటే అక్కడి కార్మికులు షిఫ్టుకి వెళ్ళేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే పలకరింపు.

ఆ పేటలో చాలా కుటుంబాలు తూర్పు నుంచి, ముఖ్యంగా ఇప్పటి పోలండ్‌లో ఉన్న మసూరియా వైపు నుంచి పని కోసం వలస వచ్చినవే. ఇంటిపేర్లు చూస్తేనే తెలిసిపోతుంది: కుట్సోరా, షెపాన్, టిబుల్‌స్కి. 1934లో షాల్కే కప్పు గెలిస్తే పోలండ్ పత్రికలు జర్మనీ చాంపియన్లు మావాళ్ళే అని రాసుకున్నాయి, క్లబ్ ఉలిక్కిపడి అదేం లేదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాజీలు ఏలుతున్న ఆ రోజుల్లో అలాంటి మాట పడటం చిన్న విషయం కాదు మరి.

ఇక ఇప్పటి సంగతి. జర్మనీలో ఆఖరి రాతిబొగ్గు గని, పక్కనే బాట్రోప్‌లో ఉండేది, 2018 డిసెంబర్ 21న మూతపడింది. దానికి రెండు రోజుల ముందు లెవర్‌కూసెన్‌తో మ్యాచ్‌లో స్టేడియం మొత్తం గని కార్మికుల పాట పాడింది. ఆటగాళ్ళు గ్రౌండ్‌లోకి వచ్చే దారిని గని సొరంగంలా నల్లగా తీర్చిదిద్దారు. చూడ్డానికి బాగుంటుంది. అందులోంచి నడిచి వచ్చేవాళ్ళ జీతాలకీ బాయి బతుక్కీ సంబంధం లేదనేది వేరే మాట.

ప్రశ్న: 2001లో షాల్కే నాలుగు నిమిషాలు చాంపియన్‌గా ఉందంటారు, అదేమిటి? రిఫరీ మోసం చేశాడా?
– విశాఖపట్నం, రాజమండ్రి, బెంగళూరు నుంచి

జవాబు: ఈ ఒక్క ప్రశ్నే ఇంతమంది అడిగారు కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

2001 మే 19, జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లీగాలో సీజన్ ఆఖరి రోజు. బయెర్న్ మూడు పాయింట్లు ముందుంది, గోల్స్ తేడాలో మాత్రం షాల్కేదే పైచేయి. అంటే హాంబర్గ్‌లో బయెర్న్ ఓడి, ఇక్కడ షాల్కే గెలిస్తే కప్పు షాల్కేది. బయెర్న్‌కి డ్రా చాలు. షాల్కే తన పాత పార్క్‌స్టేడియన్‌లో ఆఖరి మ్యాచ్ ఆడుతోంది, ఎదురుగా ఉన్నది చిన్న టీమ్ ఉంటర్‌హాకింగ్. ఆ చిన్న టీమే మొదట రెండు గోల్స్ కొట్టింది, షాల్కే సమం చేసింది, వాళ్ళు మళ్ళీ ముందుకెళ్ళారు, చివరికి షాల్కే 5-3తో గెలిచింది. అదే సమయానికి హాంబర్గ్‌లో 90వ నిమిషంలో బార్బరెజ్ తలతో గోల్ కొట్టాడు. బయెర్న్ ఓడిపోతోంది!

ఇక ఇక్కడ జనం ఆగుతారా? కంచెలు దాటి గ్రౌండ్‌లోకి వచ్చేశారు. అక్కడి మ్యాచ్ కూడా అయిపోయిందని ఒక టీవీ రిపోర్టర్ చెప్పేశాడు. అందరూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు, బాణసంచా కాలుస్తున్నారు. కానీ అక్కడ మ్యాచ్ అవ్వలేదు. హాంబర్గ్ గోల్‌కీపర్ షోబర్ తన డిఫెండర్ ఇచ్చిన బంతిని చేత్తో పట్టుకున్నాడు, రిఫరీ మార్కుస్ మెర్క్ దాన్ని బ్యాక్‌పాస్‌గా (తనవాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు) లెక్కేసి పెనాల్టీ బాక్సు లోపలే ఇండైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్‌కి కొట్టకూడనిది) ఇచ్చాడు. హాంబర్గ్ వాళ్ళందరూ గోల్ ముందు గోడలా నిలబడ్డారు. ఎఫెన్‌బర్గ్ బంతిని కాస్త జరిపాడు, పాట్రిక్ ఆండర్సన్ గట్టిగా ఒక్కటి తన్నాడు, 94వ నిమిషంలో గోల్. ఆండర్సన్ బయెర్న్ తరఫున కొట్టిన ఒకే ఒక్క గోల్ అది. షాల్కే స్టేడియంలో పెద్ద తెర మీద అది చూస్తున్న మొహాలు మీరు వీడియోలో చూసే ఉంటారు, చూడకపోతే చూడండి. ఇంకో చేదు ఏమిటంటే ఆ షోబర్ షాల్కేలోనే పెరిగిన కుర్రాడు.

మోసమా అంటే, కాదు. ఆ బ్యాక్‌పాస్ కావాలని ఇచ్చిందా, కాలికి తగిలి వచ్చిందా అని ఇప్పటికీ కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. నేను చెప్పేది వేరు. కప్పు ఆ రోజు పోలేదండి, అంతకు ముందు వారమే పోయింది. షాల్కే స్టుట్‌గార్ట్‌లో ఆఖరి నిమిషంలో బలకోవ్ చేతిలో గోల్ తిని 1-0తో ఓడింది. దాదాపు అదే క్షణంలో మ్యూనిక్‌లో జిక్లర్ బయెర్న్‌ని గెలిపించాడు. స్టుట్‌గార్ట్‌లో కనీసం డ్రా చేసుకుని ఉంటే ఆండర్సన్ ఎంత గట్టిగా తన్నినా లాభం ఉండేది కాదు, ఎందుకంటే చివరి లెక్క బయెర్న్ 63, షాల్కే 62 పాయింట్లు. కానీ ఆ స్టుట్‌గార్ట్ మ్యాచ్ ఎవరికీ గుర్తుండదు. మేనేజర్ రూడీ అస్సావర్ ఇకమీదట ఫుట్‌బాల్ దేవుణ్ణి నమ్మనన్నాడు. జర్మనీ అంతా షాల్కేకి ‘మనసుల చాంపియన్’ అని బిరుదిచ్చి ఓదార్చింది. సరిగ్గా వారానికే యూనియన్ బెర్లిన్ మీద 2-0తో జర్మన్ కప్ (లీగ్ కాదు, వేరే నాకౌట్ టోర్నీ) గెలిచారు, అదీ ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: ఇంతకీ బుండెస్‌లీగా ఎన్నిసార్లు గెలిచారు?
– నెల్లూరు

జవాబు: సున్నా. ఏడుసార్లు జర్మన్ చాంపియన్లే గానీ అవన్నీ 1963లో బుండెస్‌లీగా మొదలవ్వక ముందువి, ఆఖరిది 1958లో హాంబర్గ్‌ని 3-0తో కొట్టి గెలిచింది. బుండెస్‌లీగా వచ్చాక ఏడుసార్లు రెండో స్థానం. 1977లోనూ ఒక్క పాయింటు తేడాతోనే పోయింది, అప్పుడు గ్లాడ్‌బాక్ ఎత్తుకెళ్ళింది. ఆ సీజన్‌లోనే బయెర్న్‌ని వాళ్ళ ఇంట్లోనే 7-0తో చితక్కొట్టారు, క్లౌస్ ఫిషర్ ఒక్కడే నాలుగు. అలా చితక్కొట్టి కూడా కప్పు తేలేదు చూడండి, అదీ షాల్కే.

ప్రశ్న: ఏడు టైటిళ్ళలో ఆరు హిట్లర్ కాలంలోవే కదా. నాజీలు గెలిపించారని అంటారు, నిజమేనా? ఆ టైటిళ్ళు లెక్కలోకి వస్తాయా?
– హైదరాబాద్

జవాబు: అవును, 1934, 35, 37, 39, 40, 42. గెలిపించారనడం మాత్రం తప్పు. ఆ టీమ్ నిజంగానే గొప్పది. చిన్న చిన్న పాసులతో బంతిని బొంగరంలా తిప్పుతూ ఎదుటివాళ్ళకి కళ్ళు తిరిగేలా చేసేవాళ్ళు, ఆ ఆటతీరుకి ‘షాల్కే బొంగరం’ అనే పేరు పడింది. కుట్సోరా, ఫ్రిట్జ్ షెపాన్ దానికి ఇరుసులు. కుట్సోరా చెల్లెల్నే షెపాన్ పెళ్ళి చేసుకున్నాడు, అంటే గ్రౌండ్‌లో బావాబావమరుదులు. 1934 ఫైనల్లో న్యూరెంబర్గ్ మీద 88వ నిమిషం దాకా వెనకబడి ఉన్నారు. షెపాన్ సమం చేశాడు, ఆఖరి నిమిషంలో హెర్నియా నొప్పితోనే ఆడుతున్న కుట్సోరా రెండోది కొట్టి అక్కడికక్కడే కుప్పకూలాడు. 1939 ఫైనల్లో వియన్నా టీమ్ అడ్మిరాని (అప్పుడు ఆస్ట్రియా జర్మనీలో కలిసి ఉంది) 9-0తో ఓడించారు. 1941లో అదే వియన్నా నుంచి వచ్చిన రాపిడ్ మీద 3-0తో ముందుండి కూడా 4-3తో ఓడిపోయారు, కాబట్టి ఎవరో అప్పజెప్పారనే వాదన నిలవదు.

కానీ చేతులు శుభ్రంగా ఉన్నాయా అంటే లేవు. క్లబ్ ఉపాధ్యక్షుడుగా ఉన్న యూదు దంతవైద్యుడు పౌల్ ఐకెన్‌గ్రూన్ 1933లోనే తప్పుకోవాల్సి వచ్చింది, తర్వాత దేశమే విడిచిపోయాడు. షెపాన్, కుట్సోరా ఇద్దరూ నాజీ పార్టీలో చేరారు. 1938లో షాల్కే మార్కెట్‌లోని యూదులు నడిపే ఒక బట్టల దుకాణాన్ని షెపాన్ చవగ్గా కొట్టేశాడు, ఆ యజమానుల్ని తర్వాత చంపేశారు. కొత్త స్టేడియం దగ్గర ఒక దారికి షెపాన్ పేరు పెట్టాలనుకున్నప్పుడు ఈ గొడవ బయటికొచ్చి ఆ ఆలోచన మానుకున్నారు. తర్వాత క్లబ్బే చరిత్రకారుల చేత ఆ కాలాన్ని తవ్వించింది. నా మటుకు నేను టైటిళ్ళు లెక్కలోకి తీసుకుంటాను, షెపాన్‌ని గొప్ప ఆటగాడంటాను, మంచి మనిషి అని మాత్రం అనను.

ప్రశ్న: మ్యాచ్ ఫిక్సింగ్ మనకి క్రికెట్‌లోనే తెలుసు. షాల్కే కూడా అలాంటి కేసులో ఇరుక్కుందట?
– కర్నూలు

జవాబు: ఇరుక్కోవడమేమిటి, నిండా మునిగింది. 1971 ఏప్రిల్ 17న సొంత గ్రౌండ్‌లో అర్మీనియా బీలెఫెల్ట్‌కి 1-0తో ఓడారు. రెండో డివిజన్‌కి పడిపోకుండా ఉండాలని బీలెఫెల్ట్ వాళ్ళు డబ్బు ముట్టజెప్పారు, ఒక్కో ఆటగాడికి 2,300 మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ). ఇంత చిన్న మొత్తానికా అనిపిస్తుంది కదూ. బయటపడిన తీరు ఇంకా విచిత్రం. ఒఫెన్‌బాక్ క్లబ్ అధ్యక్షుడు కనేలాస్, పళ్ళ దిగుమతి వ్యాపారి, తన 50వ పుట్టినరోజు పార్టీకి పెద్దవాళ్ళందర్నీ పిలిచి, టేప్‌రికార్డర్ ఆన్ చేసి, ఆటగాళ్ళు ఫోన్లో బేరాలాడుకున్న మాటలన్నీ వినిపించాడు. అతిథుల్లో జాతీయ జట్టు కోచ్ కూడా ఉన్నాడు.

దొరికాక ఒప్పుకుని ఉంటే అక్కడితో పోయేది. షాల్కే ఆటగాళ్ళు కోర్టులో ప్రమాణం చేసి మరీ మేం డబ్బు తీసుకోలేదన్నారు. అది అబద్ధమని తేలింది, కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఎదుటి టీమ్‌ల ఫ్యాన్స్ ‘అబద్ధ ప్రమాణం ఎఫ్‌సీ’ అని పాటలు కట్టారు. బాధ ఏమిటంటే ఆ టీమ్ మంచి వయసులో ఉంది, 1972లో లీగ్‌లో రెండో స్థానం, కైసర్స్‌లౌటర్న్‌ని 5-0తో కొట్టి జర్మన్ కప్. నిషేధాలతో అదంతా చెదిరిపోయింది. ఫిషర్‌కి మొదట జీవితకాల నిషేధం వేసి తర్వాత తగ్గించారు, కానీ జాతీయ జట్టులోకి రావడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చిన ఏడాదే స్విట్జర్లాండ్ మీద గాల్లో వెల్లకిలా లేచి కొట్టిన బైసికిల్ కిక్‌ని జర్మన్ టీవీ ప్రేక్షకులు శతాబ్దపు గోల్‌గా ఎన్నుకున్నారు. దానికి క్రాస్ ఇచ్చింది కూడా షాల్కే వాడే, అబ్రాంచిక్.

మైదానం అంచున, అంటే వింగ్‌లో ఆడే లిబూడా కూడా ఈ కేసులో ఉన్నాడు. డ్రిబ్లింగ్‌లో అతని తర్వాతే ఎవరైనా. ఆట మానేశాక కుట్సోరా నడిపిన పొగాకు దుకాణాన్నే తీసుకుని కొన్నాళ్ళు నడిపాడు. 52 ఏళ్ళకే పోయాడు.

డబ్బు గొడవ ఈ క్లబ్‌కి అప్పుడే కొత్తేమీ కాదు. 1930లో అమెచ్యూర్ (ఆటని జీతానికి ఆడని) నిబంధనలకి మించి డబ్బులిచ్చారని మొదటి టీమ్ మొత్తాన్ని నిషేధించారు. ఆ అవమానానికి కోశాధికారి కాలువలో పడి ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడాది నిషేధం ఎత్తేశాక డ్యుసెల్‌డార్ఫ్‌తో ఆడిన ఉత్త స్నేహపూర్వక మ్యాచ్‌కి 70 వేలమంది వచ్చారు.

ప్రశ్న: నోయర్, ఓజిల్, సానే అందరూ షాల్కే నుంచే వచ్చారు. అలాంటి క్లబ్ రెండో డివిజన్‌కి ఎలా పడిపోయింది? టెన్షన్ తట్టుకోలేక చూడటమే మానేశాను.
– షాల్కే అభిమాని, వరంగల్

జవాబు: మీ బాధ అర్థమైంది. ఆ అకాడమీ లెక్క చూస్తే నోరెళ్ళబెట్టాల్సిందే. 2014లో ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టులో నోయర్, ఓజిల్, హోవెడెస్, డ్రాక్స్‌లర్ నలుగురూ అక్కడ పెరిగినవాళ్ళే. నోయర్, ఓజిల్ అయితే పుట్టింది కూడా గెల్సెన్‌కిర్షెన్‌లోనే. గుండోవాన్ కూడా ఆ ఊరివాడే, చిన్నప్పుడు షాల్కేలో కొన్నాళ్ళు ఉన్నా తర్వాత వెళ్ళి డార్ట్‌మండ్‌లో స్టార్ అయ్యాడు. 2011లో స్పెయిన్ స్టార్ రాఊల్ టీమ్‌లో ఉన్నప్పుడు చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో ఇంటర్ మిలాన్‌ని వాళ్ళ గడ్డ మీద 5-2తో కొట్టి సెమీస్‌కి వెళ్ళారు. ఇదంతా పదేళ్ళలో ఎలా కరిగిపోయిందంటే, మీరే చూడండి: 2016లో మాటిప్ లివర్‌పూల్‌కి, 2017లో కొలాసినాక్ ఆర్సెనల్‌కి, 2018లో గోరెట్స్కా బయెర్న్‌కి, 2020లో గోల్‌కీపర్ న్యూబెల్ బయెర్న్‌కి. నలుగురూ కాంట్రాక్టు అయిపోయి ఫ్రీగా వెళ్ళారు! క్లబ్‌కి పైసా రాలేదు. వేళకి కాంట్రాక్టు పెంచడమో, ఏడాది ముందే అమ్మడమో చేస్తే ఎంత వచ్చేదో. ఆ పక్కనే అప్పులు చేసి, వచ్చే ఏడాది చాంపియన్స్ లీగ్‌కి వెళ్తాంలే అనే ధీమాతో జీతాలు ఇచ్చుకుంటూ పోయారు. కోవిడ్ వచ్చి స్టేడియం ఖాళీ అయ్యేసరికి అప్పు 20 కోట్ల యూరోలు దాటింది.

2020 జనవరి 17న గ్లాడ్‌బాక్ మీద గెలిచాక మళ్ళీ లీగ్‌లో గెలుపు ముఖం చూసింది 2021 జనవరి 9న. మధ్యలో వరసగా 30 మ్యాచ్‌లు. ఇంకొక్కటి గెలవకపోతే టాస్మానియా బెర్లిన్ పేరిట 1960ల నుంచి ఉన్న 31 మ్యాచ్‌ల చెత్త రికార్డు సమం అయ్యేది. ఆ రోజు హాఫెన్‌హైమ్ మీద మాథ్యూ హోపె అనే అమెరికన్ కుర్రాడు మూడు గోల్స్ కొట్టి పరువు నిలబెట్టాడు. ఆ సీజన్‌లో అయిదుగురు కోచ్‌లు మారారు, 16 పాయింట్లతో అట్టడుగున తేలారు. 2022లో టెరోడె 30 గోల్స్ కొట్టి పైకి తెచ్చాడు, మరుసటి ఏడాదే మళ్ళీ కింద పడ్డారు.

దీన్ని కూడా దురదృష్టం అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2001 అయితే సరే, కొంత తలరాత అనుకుందాం. ఇది మాత్రం చేజేతులా చేసుకున్నది.

ప్రశ్న: నేను డార్ట్‌మండ్‌లో ఎంఎస్ చేస్తున్నాను. అనుకోకుండా షాల్కే అభిమానినయ్యాను. రూమ్మేట్లు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్ళ తప్పేం లేదు, మీరే ఖాళీ చేయండి! రెండు ఊళ్ళ మధ్య దూరం 30 కిలోమీటర్లే, శత్రుత్వం మాత్రం కొలవలేం. ఒకళ్ళ ఊరి పేరు ఒకళ్ళు నోటితో పలకరు. షాల్కే వాళ్ళు డార్ట్‌మండ్‌ని ‘ఉత్తర లూడెన్‌షైడ్’ అంటారు, వాళ్ళు షాల్కేని ‘పడమటి హెర్నె’ అంటారు. 1969లో డార్ట్‌మండ్‌లో షాల్కే గోల్ కొట్టగానే జనం గ్రౌండ్ అంచుకి దూసుకొస్తే పోలీసు కుక్కల్ని వదిలారు, అందులో ఒకటి షాల్కే ఆటగాడు ఫ్రీడెల్ రౌష్ పిర్ర పట్టుకుంది. అతను మ్యాచ్ పూర్తిగా ఆడాడు. తర్వాత షాల్కేలో జరిగిన మ్యాచ్‌కి ఇక్కడి అధ్యక్షుడు ఏకంగా సింహాల్ని తెప్పించి గ్రౌండ్ పక్కన తిప్పించాడు.

రూమ్మేట్లు మరీ ఎక్కువ చేస్తే 2017 నవంబర్ 25 మ్యాచ్ వీడియో పెట్టండి. 25 నిమిషాలకే డార్ట్‌మండ్ 4-0 ముందుంది, చివరికి 4-4. నాల్డో కొట్టిన ఆఖరి హెడర్ దగ్గర సౌండ్ పెంచండి. వాళ్ళు జవాబుగా 2007 మే 12 గుర్తుచేస్తారు, కాచుకోండి. ఆ రోజు డార్ట్‌మండ్ 2-0తో గెలిచి, టైటిల్ అంచులో ఉన్న షాల్కే ఆశ ఆర్పేసింది.

ప్రశ్న: షాల్కే ఆడిన మ్యాచ్‌ల్లో మీకు అన్నిటికంటే నచ్చింది ఏది? 1997 యూఈఎఫ్ఏ కప్ ఫైనలేనా?
– తెనాలి

జవాబు: కాదండి. యూరప్ క్లబ్బులు ఆడే ఆ టోర్నీలో 1997ది గొప్ప గెలుపే. మొదటి రౌండ్‌లో తాము ఓడించిన రోడా క్లబ్ కోచ్ హూబ్ స్టీవెన్స్‌నే తెచ్చుకుని, అతనితోనే ఫైనల్ దాకా వెళ్ళి, ఇంటర్ మిలాన్‌ని వాళ్ళ శాన్ సీరోలో పెనాల్టీల్లో 4-1తో ఓడించారు. షాల్కే కీపర్ లేమన్ ఇంటర్ ఆటగాడు జమొరానో కిక్ ఆపాడు, షాల్కే తరఫున విల్మోట్స్ ఆఖరిది లోపలికి కొట్టాడు. కానీ ఆట చూడ్డానికి అంత రంజుగా ఉండదు, స్టీవెన్స్ టీమ్ కదా, ముందు గోల్ తినకూడదు, తర్వాతే మిగతావి.

నా ఓటు 1984 మే 2కి. జర్మన్ కప్ సెమీఫైనల్, షాల్కే అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది, ఎదురుగా బయెర్న్. పన్నెండు నిమిషాల్లో 2-0 వెనకబడ్డారు. ముందురోజే పద్దెనిమిదేళ్ళు నిండిన ఓలాఫ్ టోన్ అనే కుర్రాడు మూడు గోల్స్ కొట్టాడు, మూడోది ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాల్లో. స్కోరు 6-6. ఆ పిల్లాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకున్నారు. చిన్నప్పటి నుంచి అతను బయెర్న్ అభిమాని, అదో తమాషా. తర్వాత బయెర్న్‌కే వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మిలాన్‌లో ఆ పెనాల్టీల్లో ఒకటి అతనిదే. 6-6 అయిన మ్యాచ్‌ని మళ్ళీ ఆడిస్తే, ఆ రీప్లేలో బయెర్న్ 3-2తో గెలిచింది, ఎప్పట్లాగే.

ప్రశ్న: వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి ఎస్సెన్ వెళ్తున్నాం. మ్యాచ్ టికెట్ దొరక్కపోతే చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా? మా ఆవిడకి ఫుట్‌బాల్ అంటే పడదు.
– రిటైర్డ్ టీచర్, ఏలూరు

జవాబు: ఉన్నాయి మాస్టారూ. ఎస్సెన్ నుంచి గెల్సెన్‌కిర్షెన్ రైల్లో పది పదిహేను నిమిషాలే. స్టేషన్ నుంచి 302 నంబర్ ట్రామ్ ఎక్కితే నేరుగా స్టేడియం దగ్గర దింపుతుంది. లోపల చూపించే టూర్‌లో ఇందాక చెప్పిన గని సొరంగం, పెళ్ళిళ్ళు కూడా జరిగే చిన్న చర్చి ఉంటాయి. పచ్చిక గ్రౌండ్ మొత్తం 11 వేల టన్నులు, మ్యాచ్ లేనప్పుడు ఎండకీ గాలికీ స్టేడియం బయటికి జరిపి పెడతారు, అది మీ ఆవిడకి కూడా నచ్చొచ్చు. వచ్చేటప్పుడు అదే ట్రామ్‌లో షాల్కే పేటలో దిగండి. 1928 నాటి పాత గ్రౌండ్ ఇంకా ఉంది, దాని ముందున్న చౌరస్తాకి కుట్సోరా పేరే పెట్టారు. మ్యాచ్ లేని రోజు ఆ వీధిలో చాలా షట్టర్లు దించే ఉంటాయి, కాబట్టి భోజనం మాత్రం ఎస్సెన్‌లోనే కానిచ్చి బయల్దేరండి.